నారోబోట్‌లో చుక్కాని దగ్గరి నుంచి క్యాబిన్‌లోకి మాట చేరాలంటే ఎలా?

బ్రిటన్ కాలువల్లో తిరిగే నారోబోట్ వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు, అంతే. పొడవు మాత్రం దాదాపు 22 మీటర్ల దాకా ఉంటుంది. నడిపేవాళ్లు అందరికంటే వెనక, చుక్కాని పిడి, అంటే టిల్లర్, పట్టుకుని నిలబడతారు. డీజిల్ ఇంజన్ చాలా బోట్లలో వాళ్ల కాళ్ల కిందే ఉంటుంది. ముందంతా ఉక్కు క్యాబిన్. లోపల టీ పెట్టుకుంటున్నవాళ్లకి బయట ఏం వస్తోందో తెలియదు, వెనకున్నవాళ్లకి లోపల ఏం జరుగుతోందో తెలియదు.

ఈ దూరాన్ని దాటడానికి జనం చేసేది చూస్తే బాధగా ఉంటుంది. ముందు అరుస్తారు. అరుపు అందకపోతే కప్పు మీద దబదబా కొడతారు. అప్పటికీ ఎవరూ పలకకపోతే ఫోన్ తీస్తారు. ఒక చేత్తో టిల్లర్, ఇంకో చేత్తో ఫోన్, కళ్లు స్క్రీన్ మీద. పైగా లోతుగా తవ్విన కాలువ దారిలో సిగ్నలే ఉండదు. ఇంకొందరు టిల్లర్ వదిలేసి తలుపు దాకా వెళ్లి పిలిచి వస్తారు. 57 అడుగుల బోటు నడక వేగంతో వెళ్తుంటే పదమూడు సెకన్లలో తన పొడవంత దూరం పోతుంది. పదిహేను టన్నులకు పైబడిన బరువు, బ్రేకులు లేవు. కాబట్టి టిల్లర్ వదలకూడదు.

హారన్ కొట్టి లోపలివాళ్లని పిలవడం కూడా తప్పే. హారన్ మిగతా బోట్ల కోసం ఉంది. ఒక పొట్టి మోత అంటే కుడికి తిరుగుతున్నానని, రెండంటే ఎడమకని, మూడంటే ఇంజన్ వెనక్కి వేశానని అర్థం. ఒక పొడుగు మోత మలుపుల దగ్గర, సొరంగాల ముందు వస్తున్నానని చెప్పడానికి. టీ కావాలని మూడుసార్లు మోగిస్తే ఎదురుగా వచ్చే బోటు ఏమనుకోవాలి?

కావలసినవి

తీగతో నడిచే 12 వోల్టుల బజర్లు రెండు, నొక్కే బటన్లు రెండు, సన్నటి పోగులున్న రెండు తీగల కేబుల్, చిన్న ఫ్యూజ్, ప్లాస్టిక్ గొట్టం. ఒక బటనూ బజరూ టిల్లర్ దగ్గర, ఇంకో జత లోపల; ఇక్కడ నొక్కితే అక్కడ మోగాలి. ఇష్టముంటే తలుపు దగ్గర వాడే ఇంటర్‌కమ్ ఒకటి. ఇంటర్‌కమ్ పెట్టినా బజర్ మానకండి. ఇంజన్ హోరులో మాట పోతుంది, బజర్ పోదు.

వాకీటాకీలు ఎందుకు వద్దంటానో ఇక్కడే చెప్పేస్తాను, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. బ్రిటన్‌లో లైసెన్స్ లేకుండా వాడే పీఎంఆర్446 సెట్ల శక్తి అర వాట్. ఆరుబయట అది చాలు. ఉక్కు గోడల మధ్య, స్నానాల గదిలోనో మధ్య పడకగదిలోనో ఉన్న మనిషికి ఆ సిగ్నల్ అందుతుందన్న నమ్మకం లేదు. కిటికీ పక్కనుంటే వినిపిస్తుంది, రెండడుగులు జరిగితే గరగర. ఆ ఛానళ్లు అందరివీ కూడా. ప్రైవసీ కోడ్ పెట్టామంటారు, అది మీకు పక్కవాళ్ల మాటలు వినపడకుండా చేస్తుందే తప్ప మీ మాటలు వాళ్లకి వినపడకుండా ఆపదు. అన్నిటికంటే ముఖ్యంగా, మాట్లాడాలంటే బటన్ నొక్కి పట్టుకోవాలి. లాక్‌లోకి, అంటే నీళ్లు నింపి, వదిలి బోటుని పై మట్టానికో కింది మట్టానికో చేర్చే గేట్ల తొట్టిలోకి, దూరుతున్నప్పుడు ఒక చెయ్యి టిల్లర్ మీద, రెండోది గేర్ మీద ఉంటుంది.

చెవికి పెట్టుకునే బ్లూటూత్ హెడ్‌సెట్లు కొంత నయం. గట్టు మీద విండ్‌లాస్, అంటే లాక్ దగ్గర తిప్పే పిడి, పట్టుకుని గేట్లు తీసేవాళ్లకీ నడిపేవాళ్లకీ మధ్య అవి బాగా పనికొస్తాయి, ఆ పనికి వాడుకోండి. ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి పక్క బోటు హారన్ వినడానికి ఖాళీగా ఉండాలి. క్యాబిన్ కోసం మాత్రం వాటిని నమ్ముకోవద్దు. లోపలివాళ్లు రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోరు.

తీగ లాగడం

ఇది తేలిక. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఒక ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి. నెగటివ్‌కి వేరే తీగ వేయండి, బోటు ఉక్కునే నెగటివ్‌గా వాడొద్దు, తుప్పు సమస్యలు వస్తాయి. కేబుల్‌ని గొట్టంలో నుంచి లాగండి. పాత బోట్లలో చెక్క వెనక పాలీస్టైరీన్ షీట్లు ఉంటాయి, వాటికి పీవీసీ కేబుల్ ఆనుకుని ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ పైతొడుగు పాడైపోతుంది. బజర్‌కి పట్టే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఇరవై మీటర్ల పొడవైనా ఒక చదరపు మిల్లీమీటరు తీగ చాలు.

లోపలి బటన్ వంటగదిలో పెట్టేవాళ్లున్నారు. వద్దు. ముందు గది నుంచీ పడకగది నుంచీ పరుగెత్తి వచ్చేవాళ్ల చేతికి తగిలేలా నడవాలో పెట్టాలి, పిల్లలకి కూడా అందే ఎత్తులో. రంగు ఎరుపు. వేరే రంగు నేను ఒప్పుకోను.

వెనకవైపు బజర్‌ని కాళ్ల దగ్గర బిగించొద్దు. హ్యాచ్, అంటే వెనక తలుపు పైన జరిపే మూత, లోపలి అంచున, చెవికి దగ్గరగా, వానకి తడవని చోట ఉండాలి. దాని మోత ఇంజన్ ప్యానెల్ బజర్ మోతలా ఉండకూడదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, ఇంజన్ వేడెక్కినా ఆ ప్యానెల్ మోగుతుంది. రెండూ ఒకేలా మోగితే ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తారు. పక్కనే చిన్న ఎర్ర దీపం ఉంటే ఇంకా మంచిది, కానీ దీపం ఒక్కటే సరిపోదు, ఎండలో కనపడదు.

గుర్తులు ఖాయం చేసుకోవడం

అసలు కష్టం ఇక్కడుంది. వైర్లు ఎంత బాగా లాగినా ఇది సరిగ్గా చేయకపోతే మొత్తం దండగ. అందరూ తేలిగ్గా తీసుకునేదీ దీన్నే.

గుర్తులు మూడే ఉండాలి. ఒకసారి నొక్కితే "మాట్లాడాలి, వినండి". రెండుసార్లు నొక్కితే "విన్నాను". ఆపకుండా నొక్కి పట్టుకుంటే "ఆపు". నాలుగోది పెట్టొద్దు. టీకి మూడు, భోజనానికి నాలుగు, లాక్‌కి అయిదు అని పట్టిక రాసి గోడకి అంటించినవాళ్లని చూశాను. భయపడ్డ మనిషి మోతలు లెక్కపెట్టి నొక్కలేడు, వినేవాళ్లూ లెక్కపెట్టలేరు. కంగారులో వేలు బటన్ మీద పడితే అక్కడే ఉండిపోతుంది. అందుకే పొడుగు మోతకి "ఆపు" అన్న అర్థం ఇవ్వాలి. ఆ మోతని ఇంకే పనికీ, ఆటకి కూడా, వాడకూడదు. పిల్లలుంటే ఈ మాట మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పండి.

పొడుగు మోత వినగానే నడిపేవాళ్లు ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోవాలి. మొదట గేర్ న్యూట్రల్‌లోకి. ఆ తర్వాత చుట్టూ చూడటం. ఏమైందని అడగడం ఆ తర్వాతే. చాలామంది ఈ వరస తలకిందులు చేస్తారు: ముందు "ఏమైంది?" అని అరుస్తారు, జవాబు కోసం వంగి చూస్తారు, ఆలోగా బోటు వెళ్తూనే ఉంటుంది. ఇంకొందరు వెంటనే రివర్స్ వేస్తారు, అది ఇంకా ప్రమాదం. ముందు డెక్ మీది నుంచి ఎవరైనా నీళ్లలో పడి ఉంటే బోటు వాళ్ల పక్కగా ముందుకు జారుతుంది, వాళ్లు ప్రొపెల్లర్ వైపు వచ్చేస్తారు. ప్రొపెల్లర్ తిరగకూడదు. మనిషి ఎక్కడున్నాడో కళ్లతో చూసేదాకా ముందుకీ వద్దు, వెనక్కీ వద్దు.

లాక్‌లో ఉన్నప్పుడు పొడుగు మోతకి ఇంకో పని తోడవుతుంది: ప్యాడిల్స్ మూయించడం. నీళ్లు వదిలే ఆ చిన్న తలుపులు మూసేస్తే నీటిమట్టం కదలడం ఆగుతుంది. లాక్‌లో పైకి వెళ్లేటప్పుడు బోటు ముక్కు గేటు దూలం కిందో, గోడలో పొడుచుకొచ్చిన రాయి కిందో ఇరుక్కోవచ్చు. నీళ్లు పెరుగుతుంటే ముక్కు లేవదు, వెనక భాగం లేస్తుంది. నడిపేవాళ్లు పదిహేడు మీటర్ల దూరంలో ఉంటారు, వాళ్లకి అది ఆలస్యంగా తెలుస్తుంది. ముందు గదిలో ఉన్నవాళ్లకి నేల వాలడం వెంటనే తెలుస్తుంది. బల్ల మీద గ్లాసు జారిందంటే చాలు, ఎర్ర బటన్ నొక్కాలి. ఊరికే నొక్కామేమోనన్న మొహమాటం అక్కర్లేదు. ఇరుక్కుందని తేలితే నింపే ప్యాడిల్స్ మూసి, కింది ప్యాడిల్స్ నెమ్మదిగా తీసి మట్టం దించాలి.

కిందికి దిగేటప్పుడు గండం వెనకవైపు. పై గేట్ల కింద సిల్ అనే రాతి మెట్టు ఉంటుంది, లాక్ అంచున గీత గీసి అది ఎంతదాకా ఉందో చూపిస్తారు. బోటు వెనక భాగం దాని మీద కూర్చుంటే నీళ్లు దిగేకొద్దీ ముక్కు కిందికి వాలిపోతుంది. అప్పుడు కింది ప్యాడిల్స్ మూసి, పైవి మెల్లగా తీసి మళ్లీ నింపాలి. నడిపేవాళ్లు తాడు పట్టుకుని గట్టు మీద ఉంటే ఈ వాలు మొదట గమనించేది లోపలున్నవాళ్లే కావచ్చు. అందుకే లాకుల్లో లోపల పాటలు పెట్టొద్దంటాను, ఎవరూ పడుకోవద్దనీ అంటాను.

జవాబు సంగతి. మోగించాక రెండు పొట్టి మోతలు తిరిగి రాకపోతే అవతలివాళ్లకి వినపడలేదనే అర్థం. "వినే ఉంటారులే" అనుకోవడం దగ్గరే పనులు చెడతాయి. ముందు వంతెన ఉంది, పక్క కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దని చెప్పాలి. ఒకసారి మోగించారు, జవాబు లేదు. అప్పుడు వేగం తగ్గించి మళ్లీ మోగించాలి. విన్నామన్న గుర్తు వచ్చాకే ఆ వంతెన కిందికి వెళ్లాలి. లోపలివాళ్లు కూడా ఒక మోతకి పరుగెత్తుకుని బయటికి రాకూడదు. ముందు రెండు మోతలు, తర్వాత ఇంటర్‌కమ్ దగ్గరికో తలుపు దగ్గరికో రావడం.

మాట్లాడేటప్పుడు కుడి, ఎడమ అనొద్దు. వెనక్కి తిరిగి గిన్నెలు కడుగుతున్నవాళ్ల కుడి మీకు ఎడమ. టోపాత్ వైపు, అంటే కాలిబాట ఉన్న గట్టు వైపు, దానికి అవతలి వైపు అనండి. కిటికీలోంచి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కాలిబాట కొన్ని వంతెనల దగ్గర వైపు మారుతుంది, మారాక మారినట్టే చెప్పండి. సొరంగాల్లో చాలాచోట్ల కాలిబాటే ఉండదు, అక్కడ "తలుపున్న వైపు", "పొయ్యి వైపు" అని బోటులోని వస్తువుల పేరుతో చెప్పడం మేలు. గ్రాండ్ యూనియన్ కాలువ మీది బ్లిస్‌వర్త్ సొరంగం 2.8 కిలోమీటర్లు, లోపల ఎదురుగా బోట్లు వస్తాయి. ఈ మాటలు అందులోకి దూరక ముందే అలవాటు కావాలి.

పరీక్ష

గట్టుకి కట్టి ఉండగా, పగటిపూట, గేర్ వేయకుండా ఇంజన్ వేగం పెంచండి. కట్టిన బోటులో గేర్ వేస్తే గట్టు కోసుకుపోతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా పక్క బోట్ల దగ్గర ఇంజన్ నడపకూడదు. హ్యాచ్ మూసి, నీళ్ల పంపు నడుస్తుండగా, ప్రతి గదిలో ఒకరు నిలబడి వినాలి. తర్వాత కాలువలో వెళ్తూ ఇంకోసారి. అదే సమయంలో కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ కూడా నొక్కి టిల్లర్ దగ్గర వినిపిస్తోందో లేదో చూడండి. మనుషులు ఉండే క్యాబిన్‌తో ఉన్న బోట్లకి 2019 ఏప్రిల్ నుంచి ఆ అలారం తప్పనిసరి, కానీ లోపల మోగేది వెనక వినపడుతుందన్న హామీ లేదు. వినపడకపోతే లోపలివాళ్లకి చెప్పండి: అలారం మోగితే ఎర్ర బటన్ నొక్కి, అందరూ బయటి గాలిలోకి రావాలి.

అద్దె బోటులో రంధ్రాలు చేయనివ్వరు. బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ డోర్‌బెల్ సెట్లు రెండు తీసుకెళ్లండి, మోతలు వేరువేరుగా ఉండేవి. ఒకదాని గంట వెనక హ్యాచ్ లోపల, ఇంకోదాని గంట నడవాలో పెట్టండి. వీటిలో చాలావాటికి నొక్కి పట్టుకుంటే పొడుగు మోత రాదు, ఒకే పాట మోగి ఆగిపోతుంది. అలాంటప్పుడు "ఆపు" అనడానికి ఆగకుండా మళ్లీ మళ్లీ నొక్కాలని అందరితో అనుకోండి, తాళ్లు విప్పే ముందే రెండుసార్లు చేయించి చూడండి. ఉక్కు గోడల వల్ల ఏ గదిలోనైనా అందకపోతే గంటని కిటికీ దగ్గరికి జరిపి మళ్లీ నొక్కి చూడాలి. కొత్త బ్యాటరీలు వేసుకోండి, రోజూ బయల్దేరే ముందు ఒకసారి నొక్కి, రెండు మోతలు తిరిగి వచ్చాకే తాడు విప్పండి.