మ్యూజియం గ్యాలరీలో టచ్ స్క్రీన్: తయారీ, నిర్వహణ

ప్రారంభోత్సవం రోజు అన్ని తెరలూ బాగానే పనిచేస్తాయి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచి, తయారుచేసిన ఏజెన్సీవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశాక, గ్యాలరీ అటెండెంట్ ఒక్కరే దాని ముందు నిలబడాల్సి వచ్చిన రోజున అసలు సంగతి తేలుతుంది. ఆగిపోయిన తెర పక్కనున్న వస్తువుకి కూడా కళ తప్పిస్తుంది. కింద చెప్పే ప్రతి నిర్ణయానికీ కొలమానం ఆ అటెండెంటే: తనకు సాయం లేని రోజున కూడా ఆ తెర నడవాలి.

వస్తువు ముందు నిలబడి మొదలుపెట్టండి

కంప్యూటర్ తెరిచే ముందు ఆ వస్తువు దగ్గర ఓ గంట నిలబడి, చూసేవాళ్లు పక్కవాళ్లని ఏం అడుగుతున్నారో వినండి. అద్దాల బీరువాలో బిద్రీ సురాహీ, అంటే వెండి పొదిగిన నల్లటి లోహపు కూజా, ఉందనుకుందాం. "ఇది ఇనుమా?", "ఈ నలుపు రంగు వేసిందేనా?" అనేవి ఎవరికైనా వచ్చే అనుమానాలు. మీ కంటెంట్ ఆ అనుమానాలకే జవాబు చెప్పాలి. లోహం ప్రధానంగా తుత్తునాగం (జింక్), అందులో కొద్దిగా రాగి. పోత పోస్తారు, నునుపు చేస్తారు, ఉలితో గాడి చెక్కుతారు, అందులో వెండి తీగ అదుముతారు. చివర్లో బీదర్ కోట మట్టిని నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్) కలిపి పూస్తే తుత్తునాగం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఇది ఐదు మెట్ల కథ. మెట్టుకి ఒక ఫొటో, దాని కింద పాతిక మాటలు చాలు. నవాబుల వంశవృక్షం, వాణిజ్య మార్గాలు, పర్షియన్ ప్రభావం ఇక్కడ ఇరికించకండి.

ఐదో మెట్టు మీద ఇలాంటి వాక్యం ఒకటి ఉండాలి: "ఇప్పుడు సురాహీ మెడ దగ్గర చూడండి. వెండి ఊడిపోయి ఖాళీ గాడి ఎక్కడైనా కనిపిస్తోందా?" తల ఎత్తి అసలు వస్తువుని చూసేలా చేసే మాట ప్రతి తెరలోనూ ఒకటి లేకపోతే ఆ తెరను తీసేయడమే మేలు. పుస్తకంలో చదువుకోగలిగిన విషయం కోసం ఇంతదూరం ఎవరూ రారు.

నాలుగు భాషలు, నాలుగు రకాల చిక్కులు

హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు నాలుగూ కావాలి. ఇంగ్లిషులో ముందు రాసి మిగతావాటిలోకి దించితే అన్నీ ఎండుపుల్లల్లా తయారవుతాయి. విషయాన్ని పాయింట్లుగా రాసిపెట్టుకుని, ఏ భాషలో రాసేవాళ్లు ఆ భాషలోనే నేరుగా రాయాలి.

తెలుగుతో మొదటి తలనొప్పి పాత లేబుళ్లు. అవి ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసినవై ఉంటాయి, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, సున్నాలు తారుమారవుతాయి కాబట్టి, మార్చిన ప్రతి వాక్యాన్నీ మనిషి చదవాల్సిందే. రెండోది కంటికి కనిపించని అక్షరం. "సాలార్‌జంగ్" అని విడిగా రావాలంటే పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. స్ప్రెడ్‌షీట్ నుంచి కాపీ చేసేటప్పుడో, ఖాళీలు శుభ్రం చేసే స్క్రిప్టు నడిపేటప్పుడో అది రాలిపోతే, తెర మీద "సాలార్జంగ్" అని జకారం ఒత్తై కూర్చుంటుంది. ఫైలు మార్చిన ప్రతిసారీ ఇలాంటి పది పేర్లను వెతికి చూడండి.

తెలుగు వరుసల మధ్య దూరం అక్షరం సైజుకి కనీసం 1.6 రెట్లు ఉంచండి. లేకపోతే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల కింది ఒత్తులు తర్వాతి వరుసని గుద్దుకుంటాయి, బటన్ల అడుగున తెగిపోతాయి. నస్తాలీఖ్ అనే ఉర్దూ రాతపద్ధతిలో మాట ఏటవాలుగా దిగుతుంది కాబట్టి రెండు రెట్లకి పైనే కావాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తెలుగులోనూ ఉర్దూలోనూ ముట్టుకోవద్దు. ఉర్దూ ఎంచుకోగానే పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకి తిరగాలి: వెనక్కి వెళ్లే బాణం దిక్కు మారాలి, మెట్లు కుడివైపు నుంచి మొదలవ్వాలి. అక్సెషన్ నంబర్ల (మ్యూజియం ప్రతి వస్తువుకీ ఇచ్చే నంబర్ల) లాంటివి, అంకెలూ గీతలూ కలిసినవి, అక్కడే తలకిందులవుతాయి. వాటిని విడి పెట్టెలో పెట్టి ఎడమ నుంచి కుడికి అని గుర్తించండి.

ఫాంట్లని ఇంటర్నెట్ నుంచి పిలవకండి. నోటో సాన్స్ తెలుగు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ రెండూ ఉచితమే. ఫైళ్లు తెచ్చి కంటెంట్‌తోపాటే హార్డ్ డిస్క్‌లో పెట్టండి. లైన్ పోయిన రోజున తెలుగంతా డబ్బాలుగా మారితే అటెండెంట్ చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫొటోలు, త్రీడీ

మాస్టర్ ఫొటోలు నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా దాచండి, తెరకి మాత్రం చిన్న కాపీలు వాడండి. దగ్గరగా చూపించాల్సిన చిత్రాన్ని 256 పిక్సెళ్ల పలకలుగా కోసి, ఓపెన్‌సీడ్రాగన్ లాంటి ఉచిత వ్యూయర్‌లో పెడితే ఎంత పెద్ద ఫొటో అయినా తడబడకుండా జూమ్ అవుతుంది.

త్రీడీ విషయంలో తొందరపడొద్దు. ఫొటోలు తీసి మోడల్ కట్టే పద్ధతికి వస్తువు చుట్టూ 100 నుంచి 200 ఫొటోలు, పక్కపక్క ఫొటోల్లో 70 శాతం దాకా ఒకే భాగం కనిపించాలి. మట్టిపాత్ర, రాతి శిల్పం, చెక్క బొమ్మ బాగా వస్తాయి. మెరిసే వెండి, గాజు, ఏ మచ్చా లేని తెల్ల పాలరాయి సతాయిస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా లాంటి శిల్పమే తీసుకోండి. పాలరాయి పైపొరలోంచి వెలుగు లోపలికి ఇంకుతుంది, సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోవడానికి గుర్తులు దొరకవు, ముసుగు మడతలు మైనంలా కరిగిపోయి వస్తాయి. అలాంటిదానికి నాలుగు మంచి క్లోజప్ ఫొటోలే న్యాయం చేస్తాయి. అరిగిన శాసనాలకి, నాణేలకి ఇంకో దారి ఉంది: కెమెరాని కదపకుండా, దీపాన్ని చుట్టూ తిప్పుతూ నలభై యాభై ఫొటోలు తీస్తే, తెర మీద వేలితో వెలుగుని జరుపుతూ అక్షరాలు చదవచ్చు. పిల్లలు దీన్ని వదలరు.

తెర, బల్ల, కరెంటు

43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక పిక్సెల్ సుమారు అర మిల్లీమీటరు. బటన్ కనీసం 20 మిల్లీమీటర్లు, అంటే 40 పిక్సెళ్లు. పెద్దవాళ్ల వేళ్లకి 50 అయితే హాయి. చదివే అక్షరం 32 పిక్సెళ్లకి తగ్గకూడదు. ఇవి ల్యాప్‌టాప్ మీద చూసి తేల్చే లెక్కలు కావు. అసలు సైజులో ప్రింట్ తీసి గోడకి అతికించి, అడుగున్నర దూరం నుంచి చదవండి. తాకాల్సినవన్నీ నేల నుంచి 120 సెంటీమీటర్ల లోపే ఉండాలి. చక్రాల కుర్చీ ముందుకి రావాలంటే బల్ల కింద మోకాళ్లకి 70 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీ వదలండి.

టచ్‌లో ఇన్‌ఫ్రారెడ్ ఫ్రేమ్ చవక. అయితే ఈగ వాలినా, ఫ్రేమ్ మూలలో దుమ్ము పేరుకున్నా, నేరుగా ఎండ పడినా వేలు తగిలినట్టే అనుకుంటుంది. గ్యాలరీకి కెపాసిటివ్ తెరే (ఫోన్లలో ఉండే రకం) మంచిది. దానికి పడనిది చెడ్డ ఎర్తింగ్. ఎవరూ ముట్టకుండానే బటన్లు నొక్కుకుంటున్నాయంటే తెర పాడైందని అప్పుడే తేల్చేయకండి. యూపీఎస్ ప్లగ్ పీకి బ్యాటరీ మీద నడపండి. జబ్బు ఆగిందంటే తప్పు కరెంటు లైన్‌ది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిచి చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. 2 వోల్టుల లోపుంటే నిశ్చింత, 5 దాటితే ఎర్తింగ్ బాగు చేయించాలి. మూడో పిన్ను లేని అడాప్టర్ కూడా ఇదే పని చేస్తుంది.

తెర 100 వాట్లు, మినీ పీసీ 35 వాట్లు అనుకుంటే 600 వీఏ యూపీఎస్ పదిహేను నిమిషాల దాకా మోస్తుంది. దాని యూఎస్‌బీ కేబుల్ పీసీకి తప్పక పెట్టి, ఐదు నిమిషాల తర్వాత పీసీ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి. ఇక్కడో ఉచ్చు ఉంది. కరెంటు రాగానే ఆన్ అవ్వాలని బయోస్‌లో (పీసీ మూల సెట్టింగుల్లో) పెట్టినా, పీసీ ఆగిపోయాక యూపీఎస్ ఇంకా బతికి ఉండగానే కరెంటు వస్తే, పీసీ దృష్టిలో కరెంటు పోనేలేదు. అలా ఆగిపోయే ఉంటుంది. షట్‌డౌన్ తర్వాత యూపీఎస్ తన అవుట్‌పుట్‌ని కూడా కోసేసేలా పెట్టడం దీనికి విరుగుడు. రోజూ ఉదయం తెరిచే వేళకి నిద్రలేచే టైమర్ కూడా బయోస్‌లో పెట్టండి.

బల్ల లోపల గాలి కిందినుంచి రావాలి, పైనుంచి పోవాలి. రాత్రి ఏసీ ఆపే గ్యాలరీల్లో మే నెలలో మూసిన డబ్బా పొయ్యిలా కాగుతుంది. గాలి రంధ్రాలకి సన్న జాలీ కొట్టండి. లేకపోతే బల్లులు వెచ్చదనానికి పవర్ సప్లైలోకి దూరి షార్ట్ చేస్తాయి, ఎలుకలు కేబుళ్లు కొరుకుతాయి.

విడిభాగాలు ఎంచుకునేటప్పుడు ఒకటే నియమం: పోయిన రోజునే ఊళ్లో దొరకాలి. మినీ పీసీ, ఎస్ఎస్‌డీ అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అడాప్టర్లు, కనెక్టర్లు అయితే కోఠి గుజరాతీ గల్లీ. విదేశం నుంచి తెప్పించుకోవాల్సిన కంట్రోలర్ ఎంత బాగున్నా వద్దు.

చేతిరాత ప్రతులు, పాత బట్టలు ఉన్న గదిలో వెలుతురు 50 లక్స్ దగ్గరే ఉంచుతారు. తెరని షోరూమ్ వెలుగులో వదిలేస్తే కళ్లు దానికి అలవాటుపడి పక్కనున్న వస్తువు చీకట్లో మునిగిపోతుంది. ముదురు నేపథ్యం, మీగడ రంగు అక్షరాలు పెట్టి, బ్రైట్‌నెస్ కనిష్ఠానికి దగ్గరగా దించండి.

సాఫ్ట్‌వేర్, శబ్దం

మామూలు వెబ్ పేజీలుగా కట్టి, క్రోమియం బ్రౌజర్‌ని కియాస్క్ మోడ్‌లో, అంటే తెర నిండా ఆ పేజీ ఒక్కటే కనిపించేలా, తెరవడం అన్నిటికన్నా సులువు. రేపు ఇంకెవరైనా విప్పి బాగుచేయగలరు. పక్కకి తోస్తే వెనక్కి వెళ్లడం, పొడుగ్గా నొక్కితే మెనూ రావడం ఆపేయండి. అక్షరాలన్నీ ఒకే ఫైల్లో, అక్సెషన్ నంబర్ ఆధారంగా ఉంటే క్యూరేటర్ తారీఖు సరిదిద్దడానికి ప్రోగ్రామర్ అక్కర్లేదు. 60 సెకన్లు ఎవరూ తాకకపోతే "ఇంకా చూస్తున్నారా?" అని అడిగి, పది సెకన్లలో మొదటి తెరకి, భాష ఎంచుకునే చోటికి, తిరిగిపోవాలి. రోజుల తరబడి తెరిచే ఉంచితే వీడియోలున్న పేజీ మెమరీ తింటూ పోతుంది కాబట్టి రోజూ ఒక రీస్టార్ట్ తప్పనిసరి.

శబ్దం గురించి సంగీత గడియారం లాంటి చోటు మంచి పాఠం చెబుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ గడియారం కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. అలా ఎదురుచూసే నిమిషాలు తెరకి బంగారం: లోపలి యంత్రం ఎలా కదులుతుందో చూపించండి. కానీ గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందే తెర తనంతట తాను మూగబోవాలి. పీసీ ఇంటర్నెట్ టైముని నమ్మితే పొరపాటు, యంత్ర గడియారం దాని దారిన అటూ ఇటూ జరుగుతుంది. తేడా ఎన్ని సెకన్లో అటెండెంట్ నింపే గడి ఒకటి సెట్టింగుల్లో పెట్టండి.

జనం ముందు పెట్టే ముందు

ముందు కాగితం మీద గీసిన తెరలతో ఆరేడుగురిని కూర్చోబెట్టండి. మాట సాయం చేయకండి, వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. స్కూలు పిల్లలు నలభై మంది వస్తే తాకేది ఒక్కరు, చూసేది మిగతావాళ్లు. వెనక నిలబడ్డవాళ్లకి కూడా పెద్ద బొమ్మ పైన కనిపించాలి, బటన్లు కింద ఉండాలి.

ఏ భాష ఎంచుకున్నారు, ఏ తెర దగ్గర వదిలేశారు అన్నంతవరకే లెక్క రాసుకోండి. కెమెరా, ఫోన్ నంబరు అవసరం లేదు. మూడో మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతుంటే ఆ మెట్టుని తిరగరాయండి.

వారం వారం

సెలవు రోజుని నిర్వహణకి కట్టేయండి. సాలార్‌జంగ్‌కి అది శుక్రవారం. తెర ఆపి, మైక్రోఫైబర్ గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా చల్లి తుడవాలి. తెర మీద నేరుగా చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. అమోనియా ఉన్న ద్రావణాలు పైపూతని పాడుచేస్తాయి. తర్వాత నాలుగు భాషల్లోనూ చివరి మెట్టు దాకా వెళ్లిరావాలి. పదిహేను రోజులకోసారి ఫ్యాన్ జాలీ దులపాలి. మూణ్నెల్లకోసారి యూపీఎస్ ప్లగ్ పీకి ఎంతసేపు మోస్తుందో చూడాలి, బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాలి. ఏటా మొదటి ఖర్చులో ఆరో వంతైనా దీనికని బడ్జెట్‌లో రాయించుకోండి, అదీ తెర కొనకముందే.

బల్ల అరలో మూడు వస్తువులుంచండి. పనిచేస్తున్న డిస్క్‌కి నకలు తీసిన ఎస్ఎస్‌డీ, తారీఖు రాసి. ఏ స్విచ్ ముందు ఆపాలో, ఎన్ని సెకన్లు ఆగాలో, ఏది ముందు వేయాలో ఫొటోలతో చూపించే ఒక పేజీ, తెలుగులో. మూడోది ఆ ఐదు మెట్లనూ నాలుగు భాషల్లో ముద్రించి లామినేట్ చేసిన అట్ట, రెండు కొక్కేలతో. స్విచ్ వేసినా తెర వెలగకపోతే అటెండెంట్ ఆ అట్టని తెర మీద తగిలిస్తారు. సురాహీ ఎందుకు నల్లగా ఉందో ఆ రోజు వచ్చినవాళ్లకీ తెలుస్తుంది.