అక్వేరియంలో నల్ల పాచి పడితే ఏం చేయాలి

ఆనుబియాస్ లాంటి నీటి మొక్కల ఆకుల అంచుల మీద, ఫిల్టర్ నీళ్లు వదిలే గొట్టం చుట్టూ, అలంకరణకు పెట్టిన చెక్క (డ్రిఫ్ట్‌వుడ్) మీద నల్లటి కుచ్చులు కనిపిస్తున్నాయా? గోటితో గీకినా రాకపోతే అది బ్లాక్ బియర్డ్ ఆల్గే. మొక్కల ట్యాంకులు పెంచేవాళ్లు బీబీఏ అంటారు. పైకి నల్లగా ఉన్నా ఇది ఎర్ర పాచి వర్గానిది. అనుమానం తీరాలంటే ఒక కుచ్చు పీకి సర్జికల్ స్పిరిట్‌లో వేయండి. ఆకుపచ్చ రంగు స్పిరిట్‌లోకి దిగిపోయి, ఎరుపు బయటపడుతుంది.

ముందు దీన్ని సరిగ్గా గుర్తుపట్టాలి, ఎందుకంటే అన్ని పాచిలకూ ఒకే మందు లేదు. కొత్త ట్యాంకులో గోధుమరంగు పొడిలా పట్టేది డయాటమ్. తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఇసుక మీద జిగటగా, దుర్వాసనతో దుప్పటిలా పరుచుకునే నీలి ఆకుపచ్చ పొర అసలు పాచే కాదు, సయనోబ్యాక్టీరియా. దాన్ని సైఫన్ గొట్టంతో లాగేసి, ట్యాంకుకు మందపాటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు పూర్తి చీకటిలో ఉంచాలి. బీబీఏ మీద ఈ చీకటి పెద్దగా పనిచేయదు.

బీబీఏ రావడానికి ముఖ్య కారణాలు రెండు: కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేకపోవడం, నీళ్లలో కుళ్లే వ్యర్థం పేరుకోవడం. కుచ్చుల్ని చంపడం ఒక పూట పని. ఈ రెండూ సరిచేయకపోతే నెల తిరిగేసరికి అవే ఆకుల మీద మళ్లీ వస్తాయి.

ముందు ఆ ఒక పూట పని చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో మట్టి, రాళ్లు పోను దాదాపు 45 లీటర్ల నీళ్లుంటాయి. కింది లెక్కలన్నీ దానికే. బాగా పట్టిన ఆకుల్ని కాడ మొదట్లోనే కత్తిరించేయండి. ముసలి ఆకు మళ్లీ కోలుకోదు, దాన్ని కాపాడబోతే పాచికి చోటు ఇచ్చినట్టే.

మిగిలినవాటికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాలి. ఇక్కడే చాలామంది చేపల్ని పోగొట్టుకుంటారు. ఇంటర్నెట్‌లో కనిపించే మోతాదులు ఎక్కువగా 3 శాతం ద్రావణానికి చెప్పినవి. మన మందుల షాపుల్లో మామూలుగా ఇచ్చేది 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. అదే కొలత పోస్తే రెట్టింపు పడుతుంది. 3 శాతం ద్రావణమైతే లీటరు నీటికి అర మిల్లీలీటరు మించొద్దు, అంటే ఈ ట్యాంకుకు 22 మిల్లీలీటర్లు. 6 శాతమైతే 11 మిల్లీలీటర్లే.

ఫిల్టర్ ఆపండి. నీళ్లు కదలకుండా నిలిచాక, సూది తీసేసిన సిరంజిని కుచ్చుకు దగ్గరగా పెట్టి మెల్లగా వదలండి. సన్నని బుడగలు లేస్తాయి. 15 నిమిషాలు ఆగి ఫిల్టర్ వేయండి, తర్వాత మూడో వంతు నీళ్లు మార్చండి. గంటల తరబడి ఫిల్టర్ ఆపి ఉంచితే అందులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే సగం నీళ్లు మార్చి, ఎయిర్ పంపు పెట్టండి. రెండు మూడు రోజుల్లో కుచ్చులు గులాబీ రంగుకు తిరుగుతాయి, ఆపైన తెల్లబడి రాలిపోతాయి. ఆ దశలో ఆమానో రొయ్యలు, చెర్రీ రొయ్యలు కూడా వాటిని తింటాయి. మిగిలిన చోట్ల నాలుగు రోజుల తర్వాత మళ్లీ చేయండి, ఒకే రోజు రెండుసార్లు వద్దు. రిక్షియా, వాలిస్‌నేరియా, జావా మాస్ అనే మొక్కల మీద పెరాక్సైడ్ పడకుండా చూడండి. రాళ్లు, చెక్క బయటకు తీయగలిగితే 3 శాతం ద్రావణం నేరుగా వాటి మీద చల్లి, ఐదు నిమిషాలాగి, కడిగి పెట్టేయొచ్చు.

ఇక అసలు పని. మొక్కల కోసం సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ట్యాంకులో గ్యాస్ లైటు కంటే గంటన్నర ముందు మొదలవ్వాలి, లైటు వెలిగేసరికి డ్రాప్ చెకర్ (నీళ్లలో ఆ గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి) ఆకుపచ్చగా ఉండాలి. అందులో 4 డీకేహెచ్ (కార్బొనేట్ కొలత) ద్రావణం పోస్తే ఆకుపచ్చ రంగు అంటే గ్యాస్ సుమారు 30 పీపీఎం, అంటే పది లక్షల్లో 30 వంతులు. నీలంగా ఉంటే తక్కువ, పసుపైతే చేపలకు ప్రమాదం. ఆ రంగు గంట, రెండు గంటలు ఆలస్యంగా మారుతుంది కాబట్టి తొందరపడి వాల్వ్ తిప్పకండి.

మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది, కరెంటు కోత. గుండ్రటి మెకానికల్ టైమర్ కరెంటు లేనంతసేపూ ఆగిపోతుంది. రోజుకు గంట కోత ఉంటే వారానికి ఏడు గంటలు వెనకబడుతుంది. లైటు ఇన్వర్టర్ మీద, గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే సోలనాయిడ్ వాల్వ్ మామూలు లైను మీద ఉంటే ఇంకా నష్టం: కోతలో లైటు వెలుగుతూనే ఉంటుంది, గ్యాస్ రాదు. రెండిటినీ ఒకే లైనుకు కలపండి, లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్లు కొనండి.

పంచదార, ఈస్ట్ సీసాతో గ్యాస్ ఇస్తున్నారా? అది మొదట్లో ఉధృతంగా వచ్చి రోజురోజుకీ పడిపోతుంది, బీబీఏకు కావలసింది అదే. దానికంటే గ్యాస్ లేకుండా, తక్కువ లైటుతో నడపడమే మేలు. అలాంటి ట్యాంకులో అప్పుడే తోడిన బోరు నీళ్లు ఒకేసారి సగం పోయకండి, వాటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండొచ్చు. బకెట్లో ఒక రోజు నిలవబెట్టి, వారానికి 20 శాతం మార్చండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి.

లైటు ఆరు గంటలు చాలు. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయని మూడు నాలుగు వారాలు చూశాకే ఎనిమిదికి పెంచండి. కిటికీ ఎండ ట్యాంకు మీద పడకూడదు. ఫిల్టర్ స్పాంజిని నెలకోసారి ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు. పాచికి భయపడి ఎరువు ఆపేయొద్దు. నైట్రేట్ 10 నుంచి 20 పీపీఎం లేకపోతే మొక్కలు నీరసిస్తాయి, బలహీనపడ్డ ఆకుల మీదే కుచ్చులు ముందు పడతాయి.

చేపలతో వదిలించుకుందామనుకుంటే షాపులో జాగ్రత్త. నిజమైన సయామీస్ ఆల్గే ఈటర్‌కు ఒంటి మీది నల్ల చార తోక చివరిదాకా ఉంటుంది. 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి రెండడుగుల ట్యాంకుకు అది పనికిరాదు. సక్కర్ ఫిష్ బీబీఏను ముట్టదు, పైగా దాని మలంతో నీళ్లు పాడవుతాయి. ఇప్పటికే ఉంటే షాపుకే తిరిగివ్వండి, చెరువులోనో వాగులోనో వదలకండి. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది ఆ కుటుంబాన్నే. దాని గట్టి ముళ్లకు వలలు చిరిగిపోతున్నాయి.