గిటార్ స్వయంశిక్షణ, 9వ పాఠం: వేగం పెంచకుండా పాటను పెంచడం

గత పాఠంలో ఏ మైనర్ నుంచి సి కార్డుకు (కార్డు అంటే కలిసి పలికే కొన్ని స్వరాల కూర్పు) మారడం సాధన చేశాం. ఈసారి ఆ రెండింటికి డి కలిపి ఒక పూర్తి పాట పట్టుకుందాం: జానీ క్యాష్ పాడిన 'హర్ట్'.

ఈ పాట మొదట ఆయనది కాదు. ట్రెంట్ రెజ్నర్ రాసి, 1994లో తన రాక్ బృందం 'నైన్ ఇంచ్ నెయిల్స్' ఆల్బమ్ 'ది డౌన్‌వర్డ్ స్పైరల్'కు ముగింపుగా ఉంచారు. 2002లో, 70 ఏళ్ల వయసులో, కంట్రీ (అమెరికా గ్రామీణ సంగీత శైలి) గాయకుడైన క్యాష్ దాన్ని నిర్మాత రిక్ రూబిన్ ఆధ్వర్యంలో మళ్లీ పాడారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు.

గిటార్ పట్టుకునే ముందు రెండూ వినండి. రెజ్నర్ చరణంలో గిటార్ మీద ఒక స్వరం కావాలనే పొసగకుండా, వివాదిలా గీరుకుంటూ ఉంటుంది. క్యాష్ పాటలో అది లేదు, శుభ్రమైన మామూలు కార్డులే. నా దృష్టిలో రూబిన్ తీసుకున్న గొప్ప నిర్ణయం ఇదే. వణుకుతున్న ఆ ముసలి గొంతులోనే కావలసినంత బాధ ఉంది, గిటార్ దానికి ఇంకేమీ జోడించనక్కరలేదు.

ఇక చేతులు. తీగలను అన్నిటికంటే సన్నదాని నుంచి లెక్కపెడతాం; ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల మధ్య గడి. ఏ మైనర్ పట్టండి. సి కోసం చూపుడు వేలు, మధ్య వేలు కదపవద్దు. ఉంగరపు వేలు ఒక్కటే మూడో తీగ మీది రెండో ఫ్రెట్ వదిలి అయిదో తీగ మీది మూడో ఫ్రెట్‌కు వెళుతుంది. చాలామంది మూడు వేళ్లూ ఎత్తేసి మళ్లీ వెతుక్కుంటారు, లయ అక్కడే తెగుతుంది. డి పట్టాక మధ్య వేలు ఎత్తి ఒకటో తీగను ఖాళీగా మోగనివ్వండి. ఈ పాటకు ఆ తేలిక ధ్వనే నప్పుతుంది. బొటనవేలితో మంద్ర తీగ (ఏ మైనర్, సి కార్డులకు అయిదోది, డికి నాలుగోది) మీటి, మిగిలిన తీగలను వేళ్లతో ఒక్కొక్కటిగా మీటండి. సాధనకు ఒక్కో కార్డుకు 4 మాత్రలు చాలు. చరణం చివర జి వస్తుంది.

పల్లవిలో ఏ మైనర్, ఎఫ్, సి, జి. అసలు పాఠం ఇక్కడుంది. పియానో మీద ఒకే స్వరం పదేపదే మోగుతూ బరువెక్కుతుంది, గిటార్లు దానితో పాటు లేస్తాయి. వేగం మాత్రం మారదు. కొత్తగా నేర్చుకునేవారి చేయి బలంతో పాటు వేగాన్నీ పెంచేస్తుంది. అందుకే మెట్రోనోమ్‌ను (సమానంగా టిక్‌టిక్‌మంటూ లయ చెప్పే పరికరం) నిమిషానికి 80 దెబ్బల దగ్గర పెట్టి ఈ నాలుగు కార్డులను నాలుగు ఆవృత్తాలు వాయించండి. మొదటి ఆవృత్తంలో వేళ్లతో, మీకు మాత్రమే వినిపించేంత మెల్లగా. రెండోదానిలో బొటనవేలి దెబ్బ గట్టిగా. మూడోదానిలో ఆరు తీగల మీదా కిందికి మాత్రమే మీటండి, ఎఫ్‌లో మాత్రం పై రెండు మంద్ర తీగలు వదలండి. నాలుగోదానిలో గది నిండాలి.

ఫోనులో రికార్డు చేసి వినండి. నాలుగో ఆవృత్తం మెట్రోనోమ్ కంటే ముందుకు పోతుంటే మొత్తం మళ్లీ మొదటినుంచి కాదు, మూడు నాలుగు మధ్య మలుపును మాత్రమే పట్టుకుని సాధన చేయండి. వచ్చే పాఠంలో ఎఫ్‌ను ఒకే వేలితో ఆరు తీగలూ నొక్కి పట్టడం చూద్దాం.