కార్బన్ నానోట్యూబుల్లోని లోపాలను టైట్రేషన్‌తో కొలిచే పద్ధతి

కార్బన్ నానోట్యూబు అంటే కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతి సన్నని గొట్టం. దాని గోడ షడ్భుజాల అల్లిక. అందులో ఒక పరమాణువు లేకుండా పోయిన చోట, కొస తెరుచుకున్న చోట, అయిదు లేదా ఏడు భుజాల వలయాలు ఏర్పడిన చోట ఆక్సీకరణం తేలిగ్గా మొదలై, ఆమ్ల సమూహాలు ఏర్పడతాయి. నమూనాపై పడిన లేజర్ కాంతి చెదిరే తీరును చూపే రామన్ వర్ణపటంలో 1350, 1580 తరంగ సంఖ్యల దగ్గర కనిపించే డి, జి పట్టీల నిష్పత్తి లోపాలు ఎక్కువో తక్కువో చెబుతుంది గాని, గ్రాముకు ఎన్ని ఆమ్ల సమూహాలున్నాయో చెప్పదు. ఆ లెక్కకు, వేర్వేరు బలాలున్న క్షారాలతో ఆమ్ల సమూహాలను తటస్థీకరించి ఎంత క్షారం ఖర్చయిందో కొలిచే బోమ్ టైట్రేషన్ అనువైనది. సోడియం బైకార్బొనేట్ కార్బాక్సిల్ సమూహాలను మాత్రమే తటస్థీకరిస్తుంది. సోడియం కార్బొనేట్ వాటితోపాటు లాక్టోన్లను, సోడియం హైడ్రాక్సైడ్ ఆ రెండింటితోపాటు ఫినాల్ సమూహాలను కూడా తటస్థీకరిస్తాయి. కాబట్టి ఒక్కో సమూహం వాటా తీసివేతల ద్వారా తేలుతుంది.

ఈ పనిలో ఫలితాన్ని ఎక్కువగా తారుమారు చేసేది టైట్రేషన్ కాదు, అంతకు ముందు నమూనాను కడిగే తీరు. నత్రికామ్లంతో శుద్ధి చేసిన ట్యూబుల మీద బాగా ఆక్సీకరణం చెందిన చిన్న కార్బన్ ముక్కలు అంటుకొని ఉంటాయి. వాటి ఆమ్లత్వమంతా గోడలోని లోపాల ఖాతాలో పడిపోతుంది. నమూనాను సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే ఆ ముక్కలు కరిగి, వడపోసిన ద్రవం గోధుమ రంగులో దిగుతుంది. ఆ రంగు పోయేదాకా కడగాలి. తర్వాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగకపోతే కార్బాక్సిల్ సమూహాలు సోడియం లవణాలుగానే మిగిలి లెక్కకు అందవు. చివరగా నీటితో తటస్థమయ్యేదాకా కడిగి ఆరబెట్టాలి. ఎండిన పొడి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉంది కనుక, తూకం గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే వేయాలి.

అర గ్రాము నమూనాను 50 మి.లీ. 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) బైకార్బొనేట్‌లో వేసి, మూత బిగించి, 24 గంటలు కలియబెట్టి, సన్నని రంధ్రాల పొర గుండా వడపోయాలి. ఆ ద్రవంలో 10 మి.లీ. తీసుకొని, నమూనా వాడుకోగా మిగిలిన క్షారాన్ని తటస్థీకరించి ఇంకా కొంత మిగిలేలా 20 మి.లీ. 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. కార్బొనేట్‌ అణువుకు రెండింతల ఆమ్లం కావాలి కనుక దానికి 30 మి.లీ. వాడాలి. తర్వాత సుమారు రెండు గంటలు నైట్రోజన్ పంపి కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా తరిమేయాలి. అది మిగిలితే బ్యూరెట్‌లోని క్షారాన్ని తానే మింగేసి, లేని సమూహాలను ఉన్నట్టు చూపుతుంది. ఆపై 0.05 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయాలి. ద్రవానికి ఏ కొంచెం రంగున్నా ఫినాఫ్తలీన్ గులాబీ ఛాయ కంటికి ఆనదు. పీహెచ్ మీటరు వాడటమే మేలు. నమూనా వేయని బ్లాంక్‌ను ప్రతి క్షారానికీ ఇదే క్రమంలో నడపాలి.

బైకార్బొనేట్ బ్లాంక్‌కు 10.0 మి.లీ., నమూనాకు 10.6 మి.లీ. పట్టిందనుకుందాం. తేడా 0.6 మి.లీ. అంటే 0.03 మిల్లీమోల్, మొత్తం 50 మి.లీ.కి 0.15, గ్రాముకు 0.30 మిల్లీమోల్. ఒక గ్రాము కార్బన్‌లో సుమారు 83.3 మిల్లీమోల్ పరమాణువులు ఉంటాయి కనుక దాదాపు 278 పరమాణువులకు ఒక కార్బాక్సిల్ ఉన్నట్టు లెక్క. బ్యూరెట్ చదవడంలో 0.05 మి.లీ. పొరపడినా ఈ విలువ ఎనిమిది శాతం మారుతుంది. అందుకే ఒక్క కొలతను నమ్మరాదు. మిగిలిన ఇనుము, నికెల్ వంటి ఉత్ప్రేరక కణాలు నమూనా బరువును పెంచుతాయి గనుక, గాలిలో కాల్చి బూడిద శాతం తెలుసుకొని ఆ మేరకు బరువును సవరించాలి.

ఇలా వచ్చిన సంఖ్యను లోపాల మొత్తం అనుకోకూడదు. ఆక్సీకరణం చెందని వలయాలు, క్షారంతో చర్య జరపని క్వినోన్, ఈథర్ సమూహాలు ఇందులోకి రావు. వాటిలో క్వినోన్, ఈథర్ సమూహాలను పట్టుకోవాలంటే నమూనాను 1273 కెల్విన్ దాకా వేడిచేసి, వెలువడే కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్‌లను కొలవాలి. 2000లో ఏకకుడ్య (ఒకే పొర గోడ ఉన్న) నానోట్యూబులపై ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ దారిలోనే సుమారు 5 శాతం కార్బన్ పరమాణువులు లోపభూయిష్ట స్థానాల్లో ఉన్నట్టు తేల్చింది. నివేదికలో నమూనాను ఎలా కడిగారో, ఏ క్షారంతో కొలిచారో రాయకపోతే రెండు ప్రయోగశాలల సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.