పాత డిస్కు నుంచి కొత్త కంప్యూటరుకు: నా అనుభవం

విడిభాగాలు కొనితెచ్చి ఇంట్లోనే బిగించుకున్న కొత్త కంప్యూటరులోకి ఫైళ్లు మార్చేటప్పుడు, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ ఉన్నా, మా అమ్మాయి పెళ్లి వీడియో మాత్రం ఎక్కలేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఉండటమే కారణం. ఆ పద్ధతిలో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి ఫార్మాట్ చేశాక ఎక్కింది. నిజానికి పాత హార్డ్‌డిస్కునే సాటా కేబుల్‌తో కొత్త మదర్‌బోర్డుకు తగిలించడం ఇంతకన్నా సులువు, మిగిలినవన్నీ నేను అలాగే తెచ్చుకున్నాను.

ప్రోగ్రాముల సంగతి వేరు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును యథాతథంగా కాపీ చేస్తే చాలా ప్రోగ్రాములు తెరుచుకోలేదు, ఎందుకంటే వాటి వివరాలు కొన్ని విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనే ఉండిపోతాయి. అందువల్ల వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నాన్నగారు టైపు చేయించుకున్న పద్యాల ఫైలు. తెరవగానే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా కనిపించాయి. ఫైలు చెడిపోలేదు, అది యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ వర్తించే ఉమ్మడి సంకేత పద్ధతికి) ముందునాటి డీటీపీ (అచ్చు పనుల) ఫాంటులో ఉంది, ఆ ఫాంటు కొత్త కంప్యూటరులో లేదు. పాత డిస్కులోని విండోస్ ఫోల్డరులో, ఫాంట్స్ అనే చోట వెతికి, దానిని తెచ్చి ఇన్‌స్టాల్ చేయగానే మొదటి సీసపద్యం ఒత్తులతో, గుణింతాలతో సహా నిలిచింది. వెంటనే పీడీఎఫ్‌గా కూడా భద్రపరిచాను. అన్నీ తెరిచి చూసుకునేవరకు పాత డిస్కును ఫార్మాట్ చేయదలచుకోలేదు.