డిగ్రీ తరగతిలో రచన నేర్పడానికి గూగుల్ డాక్స్

కోనసీమలో డిగ్రీ విద్యార్థులకు రచన నేర్పేవారు వారి కళ్లెదుట ఉన్న విషయాన్నే ఎంచుకోవడం మంచిది. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీరు తమ ఊరి శివారు చేలకు ఎప్పుడు చేరుతుందో, ఎందుకు ఆలస్యమవుతుందో రెండు పేరాల్లో రాయమనండి.

ప్రతి విద్యార్థీ గూగుల్ డాక్స్‌లో ఫైలు తెరిచి మీకు ఎడిటర్‌గా అనుమతి ఇచ్చాక, మీరు ‘సజెస్టింగ్’ (సూచనల) మోడ్ పెట్టుకుని దిద్దితే, మూలవాక్యం మాయం కాకుండా మీ సవరణ వేరే రంగులో కనిపిస్తుంది. దానిని ఉంచాలో తీసేయాలో రాసినవారే నిర్ణయించుకుంటారు. అయితే తప్పులన్నీ మనమే దిద్దిపెట్టడం నా దృష్టిలో వృథా శ్రమ. ‘కాలువ నీరు చాలా ముఖ్యం’ అన్న వాక్యం పక్కన ‘ఎవరికి? ఏ నెలలో?’ అని కామెంటు పెడితే, అది ‘జూన్‌లో నారు పోసే మా నాన్నకు’ అని మారి వస్తుంది.

ఫైలులో ఎప్పుడు ఏం మారిందో చూపే ‘వెర్షన్ హిస్టరీ’లో వ్యాసమంతా ఒక్కసారే ప్రత్యక్షమైతే, ఎక్కడినుంచో కాపీ కొట్టారని వెంటనే అనుమానించకండి, ముందు కాగితం మీద రాసుకుని తర్వాత టైపు చేసేవారూ ఉంటారు.

తరగతిలో అరవై మంది ఉంటే వారానికి ఇరవై మందివే చూడండి. ఉదయం మొదటి గంటను మీ సొంత పరిశోధనకు ఉంచుకుని, అంతసేపూ ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపివేయండి.