సీఎన్‌సీ రౌటర్‌కి ఇంట్లోనే డస్ట్ షూ

సీఎన్‌సీ రౌటర్ అంటే కంప్యూటరు చెప్పిన గీత మీద చెక్క కోసే మిషన్. అందులో కోసే బిట్టుని తిప్పే మోటారే స్పిండిల్. బిట్టు చుట్టూ గోడలా నిలిచి పొట్టుని వాక్యూమ్‌కి అందించే తొడుగు డస్ట్ షూ: స్పిండిల్‌ని పట్టుకునే పై పలక, దాని కింద రింగు, రింగు చుట్టూ రబ్బరు కుచ్చు. ఇది లేకుండా వాక్యూమ్ పైపుని స్పిండిల్ పక్కన కట్టేసి వదిలేస్తే పొట్టులో సగం కూడా లోపలికి పోదు. బిట్టు చుట్టూ గోడ లేనప్పుడు వాక్యూమ్ ఎంత పెద్దదైనా ఊరి గాలంతా పీలుస్తుంది తప్ప పొట్టుని పట్టదు. స్పిండిల్ బదులు ట్రిమ్ రౌటర్ (చేత్తో పట్టుకుని వాడే చిన్న రౌటర్) బిగించుకున్నవాళ్లకి ఇంకో చిక్కు: మోటారు చల్లబడ్డానికున్న ఫ్యాన్ గాలి కిందకే కొట్టి, పొట్టుని నలువైపులా చిమ్ముతుంది. అందుకే పై పలక స్పిండిల్ ఒంటిని సందు లేకుండా పట్టుకోవాలి.

కింద చెప్పే కొలతలు 65 మి.మీ. స్పిండిల్‌కి. మీది 80 అయితే పలక పొడవుకీ వెడల్పుకీ 15 చొప్పున కలపండి, స్పిండిల్ రంధ్రానికీ పైపు రంధ్రానికీ మధ్య దూరం 80 బదులు 88 పెట్టుకోండి.

పై పలకకి 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి భారతీయ ప్రమాణం) ముద్ర చూసుకోండి. ఎండీఎఫ్ (చెక్కనార నొక్కి చేసే బోర్డు) చవకే గానీ విశాఖ తేమకి ఒక్క వర్షాకాలంలోనే అంచులు ఉబ్బుతాయి, బోల్టు బిగిస్తే పొరలు విడిపోతాయి. పలక 180 × 110, రెండు చివరలూ అర్ధచంద్రంగా. ఒక చివరి నుంచి 55 మి.మీ. దూరంలో స్పిండిల్ రంధ్రం కేంద్రం, వ్యాసం 65.2. ఆ కేంద్రం నుంచి 80 మి.మీ. దూరంలో పైపు రంధ్రం కేంద్రం, వ్యాసం 50. మన ప్లంబింగ్ షాపుల్లో 50 అని ఇచ్చే పీవీసీ పైపుకి అది బయటి కొలత, కాబట్టి ముక్క బిగువుగా కూర్చుంటుంది. స్పిండిల్ రంధ్రం ముందు చెక్క ముక్క మీద కోసి సరిచూడండి. మిషన్ బెల్టు వదులైతే 65.2 అన్నది 65.8 అవుతుంది.

స్పిండిల్ వైపు చివర మధ్యలో 3 మి.మీ. చీలిక పెట్టి, అంచుకి 11 మి.మీ. లోపల అడ్డంగా 6.5 రంధ్రం వేసి, 80 మి.మీ. ఎం6 బోల్టు దూర్చండి (80 స్పిండిల్‌కి 90 బోల్టు). బిగించాక చీలిక మీద టేపు వేయండి, అక్కడా గాలి లీకవుతుంది.

కింది రింగుకి 12 మి.మీ. ఆక్రిలిక్ మంచిది, లోపల బిట్టు కనబడుతుంది. బయట 180 × 110, లోపల 150 × 80 ఖాళీ. సింగిల్ ఫ్లూట్ (ఒకే కోత అంచున్న) బిట్టుతోనే కోయండి, లేకపోతే ఆక్రిలిక్ కరిగి బిట్టుకి చుట్టుకుంటుంది. రెండు భాగాల్నీ 10 × 3 మి.మీ. అయస్కాంతాలు ఆరు జతలతో కలపాలి. గుంట లోతు 3.2. అతికించే ముందు ఒక్కో అయస్కాంతం పైముఖాన మార్కర్ చుక్క పెట్టుకోండి. ఒక్కటి తిరగబడినా రింగు ఆ మూల లేచే ఉంటుంది, అరాల్డైట్ జిగురు ఆరాక పీకడం నరకం. పైన కూడా పల్చగా అరాల్డైట్ పూయండి. నికెల్ పూత ఎక్కడైనా చిట్లితే ఉప్పుగాలికి అయస్కాంతం తుప్పుపట్టి పొడైపోతుంది. స్క్రూలు వద్దు. షూ చెక్కని పట్టి ఉంచే క్లాంపుకి తగిలినప్పుడు రింగు ఊడిపోవాలి, విరక్కూడదు.

బ్రష్ పట్టీలు దొరుకుతాయి గానీ తలుపు కింద వేసేవాటి కుచ్చు చాలావరకు పొట్టి. పంక్చర్ షాపులో పాత స్కూటర్ ట్యూబు అడగండి. లారీ ట్యూబు వద్దు, బిరుసు. 42 మి.మీ. వెడల్పు పట్టీ రెండు కోసి, ఒక్కోదానికీ కింది నుంచి 30 మి.మీ. ఎత్తు వరకు 6 మి.మీ.కి ఒక గాటు పెట్టండి. రింగు చుట్టుకొలత 486. బయటి పొరకి ఇంకో సెంటీమీటరు కావాలి. రెండు పొరల గాట్లూ ఒకదాని మీద ఒకటి పడకుండా 3 మి.మీ. జరిపి, ఆక్రిలిక్‌నీ రబ్బర్‌నీ గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ గ్లూతో అతికించండి.

బిట్టు చెక్కని తాకినప్పుడు రబ్బరు చివర 2–3 మి.మీ. వంగేలా ఎత్తు చూసి బిగించండి. ఈ కొలతతో 18 మి.మీ. షీటు పూర్తిగా తెగేలా కోయొచ్చు. తలుపుల మీద లోతైన 3డీ చెక్కుడుకి ఇది చాలదు. స్పిండిల్‌తో పాటు పైకీ కిందకీ కదలకుండా ఎక్స్ క్యారేజీకి (స్పిండిల్‌ని పక్కలకి నడిపే భాగం) బిగించే షూ కావాలి.

షూ నుంచి వాక్యూమ్‌కి వెళ్లే పైపు విషయంలో పెద్దది మంచిదనుకోవద్దు. చెక్కపొట్టు పైపులో పేరుకోకుండా పోవాలంటే గాలి వేగం సెకనుకి 20 మీటర్లు ఉండాలి. 35 మి.మీ. పైపుకి అది నిమిషానికి సుమారు 1.15 ఘనపు మీటర్లు, మామూలు షాప్ వాక్యూమ్ ఇవ్వగలదు. అదే వాక్యూమ్‌కి 110 డ్రైనేజీ పైపు తగిలిస్తే పొట్టు మధ్యలోనే కూలబడుతుంది. మధ్యలో సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టుని కింది డబ్బాలో రాల్చేది) పెడితే 20 లీటర్ల పెయింటు డబ్బా సరిపోతుంది. పైపు ముక్కుకి ఏదైనా అడ్డుపడితే డబ్బా లోపలికి ముడుచుకుపోతుంది, అందుకని లోపల ఒక ప్లైవుడ్ రింగు దూర్చి ఉంచండి. పైపు పొడవునా బోసి రాగి తీగ చుట్టి మిషన్ ఎర్త్‌కి కలపండి. స్టాటిక్ కరెంటు చేరితే లిమిట్ స్విచ్చులు (మిషన్ హద్దు దాటకుండా ఆపేవి) ఊరికే ట్రిప్ అవుతాయి.

లీకులు చూడ్డానికి అగరుబత్తి వెలిగించొద్దు, నిప్పురవ్వ వాక్యూమ్ సంచిలోకి పోతే గంట తర్వాత కూడా అంటుకుంటుంది. టిష్యూ పేపరు పీలిక చుట్టూ తిప్పండి. ఎక్కడ లోపలికి లాగుతుందో అక్కడ టేపు. బిట్టు మేకుకి తగిలి మెరుపు కనిపించినా అదే ప్రమాదం, వెంటనే ఆపి డబ్బా బయట ఖాళీ చేయండి. అల్యూమినియం కోసేటప్పుడు చెక్కపొట్టున్న డబ్బా వాడొద్దు.

షూ ఉన్నా సన్న దుమ్ము కొంత తప్పించుకుంటుంది. చెక్క దుమ్ముని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, కాబట్టి ఎన్95 మాస్కు మూతికి ఉండాల్సిందే.